పసుపు గుడ్డ కట్టిన పొద

అర కిలో వావిలాకు మూడు గంటలు ఉడికితే దిగే నూనె చిన్న చెంచాకు కూడా నిండదు. ఆరేళ్ళుగా అదే పని చేస్తున్న దీనాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. అయినా ప్రతిసారీ ఇంకో బొట్టు దిగుతుందేమోనన్న ఆశతో గాజు గొట్టాల ముందు స్టూలు వేసుకుని కూర్చుంటుంది. కింద గుండ్రటి ఫ్లాస్కులో ఆకూ నీళ్ళూ కుతకుతలాడుతున్నాయి. ఆవిరి పైకెక్కి, చల్లనీళ్ళు తిరిగే గొట్టానికి తగిలి, చుక్కలై, పక్కనున్న సన్నటి గొట్టంలోకి జారుతోంది. అడుగున నీళ్ళు, పైన నూనె. లేత పసుపు రంగులో, గోరంత మందాన తేలిన ఆ నూనె కోసమే ఇంత హడావుడి.

గుమ్మంలో కింద చతికిలబడ్డ వరహాలమ్మ గట్టిగా గాలి పీల్చింది. "ఓలమ్మ! బాలింత గది వోసన కొడతందమ్మా మీ ఆపీసు," అంది.

వరహాలమ్మది సబ్బవరం అవతల కొండ కింద ఊరు. వావిలాకు కట్టలు కట్టి గాజువాక మార్కెట్లో అమ్ముతుంది. పురుడొచ్చిన ఇళ్ళవాళ్ళు బాలింత నీళ్ళలో వేసి మరిగించడానికి కొనుక్కుపోతారు. ఆమె ఎక్కే బస్సు ఈ కాలేజీ ముందునుంచే పోతుంది కాబట్టి, ప్రతి మంగళవారం పోయేటప్పుడు ఇక్కడ దిగి ల్యాబుకు ఒక కట్ట ఇస్తుంది, వచ్చేటప్పుడు కాసేపు ఆగుతుంది. స్టూలు వేస్తే మాత్రం కూర్చోదు. గాజు సామాను చూస్తే భయమట, కొంగు తగిలినా పగిలిపోతాయని.

"అంత ఆకూ ఉడకేసి ఆ బొట్టు కోసమేటమ్మా ఇంతసేపు కూకున్నావు? ఆ ఆకుతో నానైతే ఇద్దరు బాలింతలకి నీళ్ళు పోసీదును."

"ఆకులో ఉన్నదంతా ఆ బొట్టులోకే వచ్చేస్తుంది పిన్నీ."

"ఏటుంది అందులో?"

దీనా కాస్త ఆలోచించింది. ల్యాబు నడిపే సార్ దగ్గర అప్పజెప్పే మాటలు ఇక్కడ పనికిరావు. "ఇనుము తుప్పు పడుతుంది కదా? గాలే దాన్ని తినేస్తుంది. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసేది ఆ తుప్పు గీకే పనే. మన ఒంట్లోనూ అలాంటిదే ఒకటి జరుగుతుంది. ఈ నూనె దాన్ని ఎంతవరకు ఆపుతుందో చూస్తాం."

చెబితే చాలదని చేసి చూపించింది. దించిన నూనెను తడి పీల్చే తెల్ల పొడితో ఆరబెట్టింది. వరసగా పెట్టిన చిన్న గాజు గొట్టాల్లో వంకాయ రంగు ద్రావణం పోసి, ఒక్కోదాంట్లో కొలిచి కొలిచి నూనె కలిపి, తలుపున్న చీకటి అలమారాలో పెట్టింది. నూనెలో సత్తువ ఉంటే ఆ ఊదా రంగు విరిగి పసుపు తిరుగుతుంది. లేకపోతే ఊదాగానే ఉండిపోతుంది. తేలాలంటే అరగంట ఆగాలి.

"ఆగుతాను. నా బస్సు ఎక్కడికి పోద్ది," అని వరహాలమ్మ కాళ్ళు చాపుకుంది. "ఈయాల ఆకు ఎక్కడిదో తెలుసా? మా దేవి పొదలోది."

దేవి ఆవిడ కూతురు. పెళ్ళైన ఏడేళ్ళకు కడుపు పండింది. ఇప్పుడు నెలలు నిండి పుట్టింట్లో ఉంది. ఈ కబురు వరహాలమ్మ ప్రతి మంగళవారం చెబుతూనే ఉంది, దీనా ప్రతిసారీ కొత్తగా వింటూనే ఉంది.

"మా ఊరి గెడ్డ ఒడ్డు పొడుగునా ఆకు పురుగు కొట్టీసింది. సుబ్బరంగా ఉన్నది ఆ పొదొక్కటే. దేవి పురిటికని ఒగ్గీసినాను, నెల్లాళ్ళయింది సెయ్యి ఎయ్యక. కానీ నీకాడికి ఒట్టి సేతుల్తో ఎలగొచ్చీదమ్మా? నాలుగు కొమ్మలు ఇరిసినాను."

"అయ్యో, ఎందుకు పిన్నీ!"

"నాలుగు కొమ్మలకి తరిగిపోద్దేటి."

అరగంటయ్యాక దీనా అలమారా తలుపు తీసింది. మొదటి గొట్టంలో ఊదా కాస్త పలచబడింది. రెండోది గులాబీ రంగుకు దిగింది. మూడోది, నాలుగోది, ఐదోది పసుపు. శుభ్రమైన పసుపు. ఆరేళ్ళలో అడవి మొక్కలు ఎన్ని ఉడికించిందో లెక్కలేదు గానీ, ఇంత తక్కువ నూనెకు ఇంత రంగు విరగడం దీనా చూడలేదు.

"మరేటనుకున్నావు!" అని వరహాలమ్మ మోకాలి మీద చరిచింది. "తెల్లారకుండా కోసిన ఆకది. ఎండెక్కినాక కోత్తే వోసనుంటాది గానీ సత్తువుండదు. మీ మిసను ఇప్పుడు సెప్పింది, మాయమ్మ ఎప్పుడో సెప్పింది."

దీనా పకపకా నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్విన నవ్వు అదే.

సాయంత్రం సార్, అంటే డాక్టర్ దేవీప్రసాద్ గారు, మెషీన్ రీడింగులు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రంగును సగానికి విరగ్గొట్టడానికి ఎంత నూనె పట్టిందన్నదే అసలు అంకె. అది ఎంత తక్కువైతే నూనె అంత గట్టిది. పాత శాంపిళ్ళకు రెండు వందలు దాటేది. దీనికి ఎనభై మూడు.

"మూడుసార్లు చేశావా?"

"చేశాను సార్. మూడుసార్లూ అంతే."

"శభాష్ దీనా." ఆయన మనసారానే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే దీనాకు తర్వాత తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు. "నూనెల కంపెనీవాళ్ళు అడుగుతున్నది సరిగ్గా ఇలాంటిదే. కానీ వాళ్ళకు కలెక్షన్ షీట్ పక్కాగా ఉండాలి. ఏ ఊరు, ఏ గట్టు, ఏ పొద. నువ్వే వెళ్ళి చూసి రాసుకుని రా. నీ చేతిరాత బాగుంటుంది."

గురువారం పొద్దున్నే దీనా సబ్బవరంలో బస్సు దిగి, షేర్ ఆటో పట్టుకుని వరహాలమ్మ ఊరు చేరింది. అరుగు మీద కూర్చున్న దేవి పొట్ట మీద చేతులు పెట్టుకుని, లేవబోయి లేవలేక నవ్వింది. వరహాలమ్మ కొడవలి పట్టుకుని ముందు నడిచింది. దారికి అటూ ఇటూ కొత్త లేఔట్ల రాళ్ళు, తెల్ల సున్నం వేసి పాతినవి. ఒకప్పుడు ఈ రాళ్ళున్న చోటంతా వావిలేనని, ఇప్పుడు గెడ్డ ఒడ్డున నాలుగు బారలు మిగిలిందని ఆవిడ చెప్పుకుంటూ పోయింది. వాగులో నీళ్ళు లేవు, వైశాఖం కదా. ఇసుక, గులకరాళ్ళు, ఎవరో పారేసిన సిమెంటు గోతాలు.

నల్లబండ పక్కన పొద కనిపించింది. నిలువెత్తుంది. ఆకు అడుగున వెండి నూగు మెరుస్తోంది. నడిమి కొమ్మకు పసుపు గుడ్డ పేలిక కట్టి ఉంది, రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేసి.

"ఇదేంటి పిన్నీ, దేవుడి మొక్కా?"

"మొక్కు కాదమ్మా. ఇది ఎవులికో ఒగ్గినది, కొయ్యకండని. మా తట్టు ఇలగే కడతారు. సింతసెట్టుకైనా, పనసకాయకైనా, గుడ్డ కట్టీసినారంటే ఇంకెవులూ సెయ్యెయ్యరు. దొంగోడు కూడా ఎయ్యడు." వరహాలమ్మ గుడ్డ అంచు సవరించింది. "దేవి పెళ్ళికోక అంచు ఇది. పురుడొచ్చినాక పదకొండు రోజులూ దీని ఆకుతోనే నీళ్ళు. నాకు మాయమ్మ అలగే పోసింది, నడుం ఈనాటికీ నొప్పన్నది ఎరగను."

దీనా ఫోను తీసి లొకేషన్ పట్టబోయింది. కొండ అడ్డం. చక్రం తిరుగుతూనే ఉంది. విసిగిపోయి ఫోను లోపల పెట్టి, బండ మీద కూర్చుని షీటు మోకాలి మీద పరిచింది. మొక్క పేరు. కోసిన తేదీ. వేళ. నేల రకం. సేకరించినవారు అన్న గడిలో 'వరహాలమ్మ' అని గుండ్రంగా రాసింది. చివర 'గుర్తుపట్టే ఆనవాలు' అని ఒక గడి. బండలు గెడ్డ పొడుగునా ఉన్నాయి, పొదలు పదిహేనున్నాయి. దీనా తలెత్తి ఒకసారి చూసి రాసింది: గెడ్డకు ఎడమ ఒడ్డు, నల్లబండ పక్కన, పసుపు గుడ్డ కట్టిన పొద.

"ఏటి రాత్తన్నావమ్మా?"

"ఇది ఎక్కడుందో రాస్తున్నాను. ఫైల్లో ఉంటుంది."

"నా పేరు రాసినావా?"

"రాశాను. ఇదిగో."

వరహాలమ్మకు చదువు రాదు. అయినా వంగి ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. "బాగున్నాదమ్మా నా పేరు," అంది.

శుక్రవారం సార్ ఆ షీటు టైపు చేయించి కంపెనీకి మెయిలు పంపారు. కాపీ ఒకటి ఫైల్లో పెట్టమని దీనాకు ఇచ్చారు. సేకరించినవారు గడిలో సార్ పేరుంది. దీనాకు చివుక్కుమంది. పేపరు సార్‌ది, ప్రాజెక్టు సార్‌ది, మనమెంత అని సర్దుకుంది. మిగతాదంతా తను రాసింది రాసినట్టే ఉందా లేదా అని చూసుకుంది. ఉంది. ఒక్క అక్షరం పోలేదు. అడుగున ఫీల్డ్ స్టాఫ్ అన్నచోట పెన్నుతో సంతకం పెట్టి, ఫైలు మూసింది.

సోమవారం పదిన్నరకు ల్యాబు వెనక వ్యాను ఆగింది. డ్రైవరు, ఇద్దరు కూలీలు కలిసి టార్పాలిన్ లాగి ఎనిమిది గోతాలు దించారు. దించుతుంటేనే దీనాకు వాసన తెలిసిపోయింది. అది వావిలి వాసన కాదు. మగ్గిన గడ్డి వాసన.

"ఎప్పుడు కోశారు?"

"సన్నారం మద్దేనం మేడమ్," అన్నాడు డ్రైవరు. "నిన్న ఆదోరం గేటు తియ్యరని ఈయాల తెచ్చినాం."

శనివారం మధ్యాహ్నం కోసి, రెండు రోజులు టార్పాలిన్ కింద. దీనా గోతంలో చెయ్యి పెట్టి ఠక్కున తీసేసింది. లోపల వేడిగా ఉంది. ఆకు నల్లబడి ఒకదానికొకటి అంటుకుపోయింది. పురుగు తిన్న ఆకు, తినని ఆకు, కాడ, పుల్ల, వేళ్ళతో సహా పెరికినవి కొన్ని. గెడ్డ ఒడ్డునున్నదంతా నున్నగా గీకేశారు.

నాలుగో గోతంలో వేలికి మెత్తగా ఏదో తగిలింది. లాగితే రాలేదు. అంగుళం లావు కొమ్మ, కత్తితో నరికింది. దాని మీద పసుపు గుడ్డ, రెండు చుట్లు, ముడి.

దీనా గుడ్డను ముడి విప్పకుండానే కొమ్మ చివరనుంచి మెల్లగా జార్చి, కోటు జేబులో పెట్టుకుని సార్ గదికి వెళ్ళింది.

"సార్, ఆ గుడ్డ కట్టిన పొద కొట్టేశారు."

"అవును, ట్రయల్‌కి రెండు క్వింటాళ్ళు కావాలన్నారు. లేబర్‌కి స్పాట్ భలే దొరికిందట. నీ షీటు చాలా క్లియర్‌గా ఉందని మెచ్చుకున్నారు కూడా."

"అది దేవి కోసం ఉంచింది సార్."

"దేవి ఎవరు?"

దీనా చెప్పింది. బాలింత నీళ్ళు, పదకొండు రోజులు, వరహాలమ్మ, గుడ్డ కడితే ఎవరూ చెయ్యి వెయ్యకపోవడం. ఆ గదిలో ఆ పుస్తకాల మధ్య అవన్నీ చాలా చిన్న మాటల్లా వినిపించాయి. దేవీప్రసాద్ గారు ఓపిగ్గానే విన్నారు.

"అయ్యో. నాకు తెలియదమ్మా. కానీ వావిలి కదా, ఎంత కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది."

"ఎప్పటికి సార్?"

"వానలు పడనీ."

"దేవికి ఈ వారమే సార్."

ఆయన చేతి గడియారం చూసుకుని, "ముందు ఒక రన్ వెయ్యి. రెండింటికల్లా వాళ్ళకి అంకె చెప్పాలి," అన్నారు.

దీనా రన్ వేసింది. వెయ్యక ఏం చేస్తుంది? జేబులో గుడ్డ పెట్టుకుని అర కిలో ఆకు తూచింది, ఫ్లాస్కులో కుక్కింది, నీళ్ళు పోసింది, మంట పెంచింది. మూడు గంటలు ఉడకాల్సింది రెండు గంటలకే దించేసింది. నూనె ముదురు గోధుమ రంగులో, మొదటిసారి వచ్చినదాంట్లో సగం. గొట్టాలు అలమారాలో పెట్టి అరగంట ఆగింది. తలుపు తీస్తే అన్నీ ఊదా. చివరిది ఒక్కటి కాస్త వెలిసింది. తుప్పును ఆపాల్సిన సరుకును గోతంలో వేడీ గాలీ కలిసి ముందే తినేశాయి. లెక్క కడితే రెండు వందల అరవై.

సార్ ఫోనులో కంపెనీవాళ్ళతో పావుగంట మాట్లాడారు. బయటికొచ్చి, "ఈ లాట్ వద్దన్నారు. వేరే జిల్లాలో చూసుకుంటారట. గోతాలు వెనకాల గోడ దగ్గర వేయించెయ్," అన్నారు. ఆయన ముఖంలోనూ కళ లేదు.

అంటే ఎవరికీ పనికిరాలేదు. వాళ్ళకు పనికొచ్చినా ఇంత బాధ ఉండేది కాదేమో అనిపించింది దీనాకు. అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గాజువాకలో ఇంటికి చేరేసరికి భర్త జాక్సన్ షిఫ్టు దిగి వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా తుప్పు రుద్దుకుంటున్నాడు. దీనా గుమ్మం దగ్గరే కూలబడి మొత్తం చెప్పింది. అతను సబ్బు పక్కన పెట్టాడు.

"కాయితం మీద సంతకం నీదేనేటి?"

"నాదే."

"మరి నోరెత్తకు. జూన్‌లో నీ కాంట్రాక్టు రెన్యువలు. గొడవైతే ఆ సార్‌ని తీత్తారేటి, నిన్ను తీత్తారు గానీ." గొంతు తగ్గించాడు. "అయినా ఆవిడికి సదువు రాదు కదా. ఎలగ తెలుత్తాది?"

తప్పు మాట కాదు అతనన్నది. ఇద్దరు పిల్లల ఫీజులున్న ఇంట్లో ఎవరైనా అదే అంటారు. కానీ ఆ చివరి మాటే దీనాను రాత్రంతా కుదురుగా ఉండనివ్వలేదు.

మంగళవారం దీనా గంట ముందే ల్యాబుకు వచ్చింది. వెనక గోడ దగ్గర గోతాలు బోర్లించి, పాత పేపర్లు పరిచి, ఆకు ఆకూ ఏరింది. ఎనిమిది గోతాల్లో పచ్చగా మిగిలినది గుప్పెడు. దాన్ని తడిగుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టుకుంది.

తొమ్మిదింటికి వరహాలమ్మ వచ్చింది. చేతిలో కట్ట లేదు, భుజాన సంచీ లేదు. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. గుమ్మంలో చతికిలబడలేదు, గోడ పట్టుకుని నిలబడింది.

"దేవి నీళ్ళాడిందమ్మా. ఆదోరం పొద్దున్న. ఆడగుంట."

"ఇద్దరూ బాగున్నారా పిన్నీ?"

"బాగున్నారు. నిన్న ఇంటికి తెచ్చీసినాం. ఈయాల మొదటి నీళ్ళు." ఆవిడ పెదవి తడుపుకుంది. "నీకాడ వావిలాకేటైనా మిగిలిందా అమ్మా? నాను తెచ్చినవి. ఎండిపోయినా పర్నేదు. మార్కెట్లో అడుగుదామంటే అక్కడ అమ్మీదాన్ని నానే. ఎవులికాడ కొనీది?"

దీనా తడిగుడ్డ విప్పి ఆ గుప్పెడు ఆకు ఆవిడ చేతిలో పెట్టింది. వరహాలమ్మ ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నలిపింది. చూసి చూసి బల్ల మీదే పెట్టేసింది.

"సచ్చిపోయిందమ్మా ఇది."

ఫ్రిజ్‌లో గోధుమరంగు సీసాలో మొదటినాటి నూనె ఇంకా కాస్త ఉంది. దీనా పరుగున వెళ్ళి అదీ తెచ్చింది. వరహాలమ్మ మూత తీసి వాసన చూసింది. కళ్ళు ఒక్కసారి మెరిశాయి. "ఇదేనమ్మా. ఇదే," అంది. సీసా వంచి చూసి, అడుగున కదిలిన నాలుగు బొట్లు చూసి, మూత బిగించి తిరిగి ఇచ్చేసింది. "గంగాళం నీళ్ళకి ఇదేటి సాల్తాదమ్మా. పదకొండు రోజులు."

"పిన్నీ..."

"ఎవులు కోసీసినారో తెల్దమ్మా. లేఔటోళ్ళు కాబోలు అంటన్నారు. నాను ఆసుపత్రికాడ ఉండిపోయినాను. వొచ్చి సూత్తే మోడు." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే భరించడం కష్టంగా ఉంది. "నాదే తప్పమ్మా. ముడి గట్టిగా ఎయ్యనేదేమో. గాలికి గుడ్డ ఊడిపోయుంటాది. గుడ్డ కనపడితే మడిసన్నోడు కొయ్యడు కదా? నిన్నంతా గెడ్డలో ఆ గుడ్డ కోసమే ఎతికినాను."

చెప్పకపోతే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. జాక్సన్ మాట నిజమే. జూన్ నిజమే, పిల్లల ఫీజులు నిజమే. కానీ ముడి గట్టిగా వెయ్యలేదన్న మాట ఈ మనిషి బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. మనవరాలు పెద్దదై నడుం నొప్పి అన్నా, దేవి ఎప్పుడు నీరసపడ్డా, ముడి గట్టిగా వెయ్యలేదనే అనుకుంటుంది.

దీనా సొరుగు లాగి, నిన్న దాచిన గుడ్డ తీసి ఆవిడ ముందు పెట్టింది. రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. ముడీ అలాగే ఉంది.

"ముడి ఊడలేదు పిన్నీ."

వరహాలమ్మ గుడ్డను చూసింది. దీనాను చూసింది.

"కోసినవాళ్ళు గుడ్డ చూసే కోశారు. నేను కాగితం మీద రాశాను. పసుపు గుడ్డ కట్టిన పొద అని. ఆ రోజు నీ ముందే రాశాను. అది పట్టుకుని వచ్చి వెతుక్కుని కోశారు."

అర్థం కావడానికి వరహాలమ్మకు కాస్త సమయం పట్టింది. తిడుతుందని దీనా ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"గుడ్డ కట్టినట్టు రాసినావు," అంది వరహాలమ్మ చివరికి. "దాని పక్కన కొయ్యకండని రాయనేదేటమ్మా?"

దీనాకు ఆ షీటు కళ్ళముందు కదిలింది. మొక్క పేరు, తేదీ, వేళ, నేల, ఆనవాలు.

"ఆ కాగితంలో దానికి గడి లేదు పిన్నీ."

వరహాలమ్మ తల ఊపింది. ఆఫీసు సంగతులు తనకు తెలియవు కదా అన్నట్టు, పద్ధతిగానే ఊపింది. గుడ్డ తీసుకుని గోటితో ముడి విప్పబోయింది. రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. రెండోసారి లాగితే విడింది. చుట్లు విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

"నీళ్ళు కాసి ఉంచమని సెప్పొచ్చినాను. సల్లారిపోతాయి," అని బస్సు కోసం బయల్దేరింది.